రుచి చూస్తే తిన్నట్టా?

పెద్ద డాక్టరు మాటల్లో పొదుపు మనిషి. మోకాలి ఎక్స్‌రేని వెలుగు పలకకి తగిలించి ఒకసారి చూశాడు. ఎదురుగా కుర్చీ నిండా కూర్చున్న మనిషిని ఒకసారి చూశాడు.

"అరిగిపోయింది. మార్చాలి."

"మార్చండి."

"ఈ బరువుతో మార్చను. నూట ఎనిమిది ఉన్నారు. తొంభై అయిదుకి దిగి రండి. అయిదు నెలల తర్వాత తేదీ రాస్తున్నాను. ఆ రోజుకి ఒక్క గ్రాము ఎక్కువున్నా బల్ల ఎక్కించను."

"పదమూడు కిలోలు ఎక్కణ్ణుంచి తియ్యమంటారండీ? జేబులో ఉన్నాయా, తీసి ఇచ్చెయ్యడానికి?"

"కింద గదిలో ఒకమ్మాయి ఉంటుంది. చెప్తుంది" అని డాక్టరు ఇంకొకరి కాగితం చేతిలోకి తీసుకున్నాడు.

ఆ కుర్చీలోంచి లేవడానికి ఆయనకి రెండు చేతులూ కావలసి వచ్చాయి. ఆయన్ని ఊరంతా గుండిగ మేస్త్రీ అంటుంది. ఫ్యాక్టరీ క్యాంటీన్లో పెద్ద వంటవాడు. ముప్పై ఒక్క ఏళ్లుగా ఆరువందల మందికి మధ్యాహ్నం భోజనం ఆయన చేతి మీదుగానే వెళుతోంది. నాలుగు పొయ్యిల మీద నాలుగు గుండిగలు ఉంటాయి. అయిదో గుండిగ బావ పొట్ట అని ఆయన బావమరిది ఏనాడో అన్నాడు. ఆ పేరు అతుక్కుపోయింది.

వంట నిలబడి చేసే పని. కూర్చుని ఆరుగురికి వండొచ్చు, ఆరువందల మందికి వండలేం. ఎడమ మోకాలు ఏడాదిగా మాట వినడం లేదు. పదకొండు గంటలకల్లా కొబ్బరికాయంత అవుతోంది. క్యాంటీన్ మేనేజరు మొన్న మెల్లగా ఒక మాట వదిలాడు. "నిలబడలేకపోతే చెప్పండి మేస్త్రీ, భోజనం చీటీలు చింపే పని ఇస్తాను. కూర్చునే పనే." ఆ మాట మోకాలి కంటే ఎక్కువ సలిపింది. మోకాలు మారితే పొయ్యి దగ్గర ఉంటాడు, మారకపోతే చీటీలు చింపుతాడు. మధ్యలో ఇంకో దారి లేదు.

కింద గదిలో అమ్మాయి పాతికేళ్లది. బల్ల మీద చిన్న త్రాసు, గోడ మీద తిండి బొమ్మలు. ఏ తిండిలో ఎన్ని కేలరీలో ఆ పిల్లకి నోటికొచ్చు. మేస్త్రీ మనసులోనే ఆమెకి లెక్కల పిల్ల అని పేరు పెట్టేశాడు.

"రోజుకి పదిహేను వందల కేలరీలు బాబాయిగారూ. ఏదైనా ముందు తూచాలి, తర్వాత తినాలి, వెంటనే రాయాలి. ఇదిగో పుస్తకం."

"తల్లీ, ఆరువందల మందికి ఉప్పు కంటితో చూసి వేస్తాను. నా ఒక్కడి కంచానికి త్రాసు కావాలా?"

"ఆరువందల మంది బరువుతో నాకు పనిలేదండీ. మీ బరువుతోనే పని."

"ఇలా రాసుకుంటే తగ్గుతుందా?"

"తగ్గుతుంది."

"తగ్గకపోతే?"

"తగ్గుతుంది బాబాయిగారూ."

"తగ్గకపోతే అని అడుగుతున్నా."

ఆ పిల్ల కలం కింద పెట్టింది. "తగ్గకపోతే లెక్కయినా తప్పవ్వాలి, రాసేవాళ్లయినా తప్పవ్వాలి."

మేస్త్రీ ఆ మాటని మూట కట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు. మామూలు మనిషైతే పుస్తకాన్ని అటక మీద పారేసేవాడు. ఈయన అలా కాదు. "గ్రాము తేడా లేకుండా చేస్తా. చేసి, తగ్గకపోతే, ఈ పుస్తకం తీసుకెళ్లి ఆ పిల్ల బల్ల మీద పెడతా" అని భార్యతో అన్నాడు.

"తగ్గాలని చేస్తారా, తగ్గకూడదని చేస్తారా?" అంది ఆవిడ.

ఆయన పుస్తకం తెరిచి మొదటి పేజీలో తేదీ వేశాడు.

చిన్న త్రాసు కొన్నారు. తూచే పని ఆవిడది, రాసే పని ఆయనది. అన్నం తూచింది, కూర తూచింది, నూనె చెంచాతో కొలిచింది. గుడ్డు దగ్గర ఆగిపోయింది. "ఏమండీ, ఇది పెంకుతో తూచాలా, పెంకు వలిచి తూచాలా?"

"పెంకు తింటానటే నేను?"

పక్క వీధిలో ఉండే బావమరిది రోజూ పనికి వెళ్తూ వీళ్లింటికి వస్తాడు. క్యాంటీన్లో రెండో వంటవాడు. ఎముకల పోగు, నోట్లో నువ్వుగింజ నానదు. కంచం పక్కన త్రాసు చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "అక్కా, బావకి అన్నం పెడుతున్నావా, బంగారం అమ్ముతున్నావా?"

"నోరు మూసుకుని కూర్చోరా. నీకూ తూచనా?"

"నన్ను తూస్తే త్రాసుకే అవమానం."

వారం గడిచింది. ఆస్పత్రి త్రాసు నూట ఏడున్నర చూపింది. రెండో వారం నూట ఎనిమిది. మూడో వారం నూట ఎనిమిది మీద ఒక వంద గ్రాములు. నాలుగో వారమూ, అయిదో వారమూ ముల్లు అక్కడక్కడే ఊగులాడింది. ఇంట్లో కంచం సగమైంది. పొద్దున రెండు రొట్టె ముక్కలు, ఒక గుడ్డు. మధ్యాహ్నం భార్య తూచి డబ్బాలో పెట్టిన అన్నమూ కూరా. రాత్రికి ఒక గిన్నెడు కూరగాయలు. ముప్పై అయిదు రోజుల రాత, ఒక్క రోజు ఖాళీ లేదు.

అయిదో వారం మేస్త్రీ పుస్తకాన్ని లెక్కల పిల్ల బల్ల మీద పెట్టాడు. అనుకున్నట్టే పెట్టాడు. గెలిచినట్టు ఉండాల్సింది. కానీ మోకాలు లోపల నుంచి పొడుస్తూ ఉంటే గెలుపు రుచిగా లేదు.

"చూసుకో తల్లీ. రాసేవాడు తప్పు లేదు. ఇక నీ లెక్కే తప్పు."

ఆ పిల్ల పేజీలన్నీ తిప్పింది. చాలాసేపు తిప్పింది. "పదిహేను వందలు దాటలేదు ఎక్కడా. ఇలా తింటే తగ్గి తీరాలి. బాబాయిగారూ, ఏమనుకోకండి. ఇందులో రాయనిది ఇంకేదో తింటున్నారు."

మేస్త్రీ ముఖం నల్లబడింది.

"దొంగతిండి తింటున్నానంటావా?"

"ఆ మాట అనలేదండీ."

"ఆ మాటే అన్నావు. క్యాంటీన్ వంటవాడు రాయకుండా తినేది ఎక్కడుంటుంది? గుండిగలోనే కదా ఉంటుంది! నా గురువు గుండిగలోంచి ముద్ద తీసుకున్నవాణ్ణి ఆ పూటే బయటికి పంపేవాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆఖరి మనిషి చెయ్యి కడుక్కునే దాకా నేను మెతుకు ముట్టలేదు. తెలుసా?"

ఆ పిల్ల బెదరలేదు. "మీరు అబద్ధం చెప్తున్నారని నేననుకోవడం లేదు. త్రాసూ అబద్ధం చెప్పదు. మధ్యలో ఏదో ఉంది."

"సాక్షిని తెస్తా" అన్నాడు మేస్త్రీ, కుర్చీ చేతులు పట్టుకుని లేస్తూ.

సాక్షి ఎవరు? బావమరిదే. మర్నాడు పొద్దున ఏడింటి నుంచి వాడి చేతికి కాగితం ఇచ్చి, "నేను ఏం తింటే అది రాయి. బావ కదా అని దాచావో, కాళ్లు విరగ్గొడతా" అన్నాడు.

"నీ కాలు నువ్వు చూసుకో బావా ముందు" అన్నాడు వాడు. కానీ పని మాత్రం శ్రద్ధగా చేశాడు. సాయంత్రం ఆ కాగితం అక్క చేతిలో పెట్టాడు. చక్కెర లేని టీ ఒకటి. మంచినీళ్లు ఏడు గ్లాసులు. డబ్బాలో అన్నం. కింద పెద్ద అక్షరాలతో, 'ఇంకేమీ తినలేదు, ఒట్టు' అని రాసి సంతకం కూడా చేశాడు.

ఆవిడ కాగితం చదివి మడత పెట్టింది. "ఇద్దరూ ఒక పొయ్యి దగ్గరి మనుషులే. ఒకడికి ఇంకొకడు సాక్షా? రేపు నేనొస్తా."

"రా. కళ్లారా చూడు" అన్నాడు మేస్త్రీ.

మర్నాడు ఆవిడ వంటగదిలో గిన్నెలు కడిగే తొట్టి పక్కన ఎత్తు పీట వేసుకుని కూర్చుంది. ఆవిరి పైకి లేచి, గోడలో తిరిగే పంకా కన్నంలోంచి బయటికి పోతోంది. నేల తడి. మేస్త్రీ రబ్బరు చెప్పులతో నాలుగు పొయ్యిల మధ్య కుంటుతూ తిరుగుతున్నాడు. మొదటి గుండిగ దగ్గర ఆగాడు. గరిటె ముంచి ఎడమ అరచేతిలో కాస్త పోసుకున్నాడు. నాలుకతో తీసుకుని, చప్పరించి, మింగి, "ఉప్పు చాల్లేదు" అన్నాడు. రెండో గుండిగ. అరచెయ్యి. "ఇంకా ఉడకాలి." మళ్లీ మొదటిది. అరచెయ్యి. "ఇప్పుడు సరిపోయింది."

"అదేంటండీ?" అంది ఆవిడ.

"ఏది?"

"ఇప్పుడు నోట్లో వేసుకుంది."

"రుచి."

ఆవిడ కొంగు నడుముకి దోపుకుంది. లేచి, బోర్లించిన గిన్నెల్లోంచి ఒక ఖాళీ గిన్నె తీసుకుంది. చిన్న గరిటె ఒకటి తీసుకుంది. ఆయన అరచేతిలో ఎంత పోసుకుంటే, అంత అదే గుండిగలోంచి తీసి గిన్నెలో వేసుకుంటూ ఆయన వెనకే తిరిగింది. మాంసం కూర దగ్గర ఆయన తొమ్మిది సార్లు ఆగాడు. బంగాళాదుంపల వేపుడు దగ్గర ఆరు ముక్కలు చూశాడు. పాలు, చక్కెర, నెయ్యి వేసి కాచే తీపి దగ్గర పాకం చిక్కదనం చూడటానికి మళ్లీ మళ్లీ చెయ్యి చాచాడు. ఆయనకి ఇదేమీ తెలియడం లేదు. చెయ్యి దానంతట అదే చాచుకుంటోంది, నోరు దానంతట అదే తెరుచుకుంటోంది. నడిచేవాడు అడుగులు ఎంచుకుంటాడా?

"ఏంటక్కా, బావ వెనక పెళ్లికూతురిలా తిరుగుతున్నావు?" అన్నాడు తమ్ముడు.

"నువ్వు ఉల్లిపాయలు తరుగు."

ఒంటిగంట గంట కొట్టారు. ఆరువందల మంది తిని వెళ్లారు. అప్పుడు ఆవిడ గిన్నెని సరుకులు తూచే త్రాసు మీద పెట్టి, గిన్నె బరువు తీసేసి చెప్పింది.

"అరవై రెండు సార్లు. తొమ్మిదివందల ఇరవై గ్రాములు."

మాంసం, దుంపలు, తీపి అన్నీ కలిసి గిన్నె అంచు దాకా వచ్చాయి. పైన నూనె తేలుతోంది. మేస్త్రీ గిన్నెలోకి వంగి చూశాడు.

ముందు తేరుకున్నది బావమరిదే. "అక్కా, అది తిండి కాదు. రుచి. రుచి చూస్తే తిన్నట్టా?"

"మింగాడా, ఉమ్మాడా?"

"మింగాడు."

"మరి?"

వాడు తల గోక్కున్నాడు. "పనిలో భాగమక్కా అది. తాపీమేస్త్రీ ఇటుక ఎత్తితే ఇటుక తిన్నట్టా?"

"ఇటుక మింగితే తిన్నట్టే."

"అయితే నేనూ రోజూ ఇంత..." వాడు తన బక్క పొట్ట చూసుకున్నాడు. "నేనెందుకు లావవ్వలేదు?"

"నీది నోట్లోంచి మాటలై పోతోంది."

మేస్త్రీ నవ్వలేదు. పీట మీద కూర్చున్నాడు. పని గంటల్లో వంటగదిలో ఆయన కూర్చోవడం బావమరిది ఎప్పుడూ చూడలేదు. ఆయనకి కోపం వస్తోంది. ఎవరి మీద రావాలో తెలియక లోపలే తిరుగుతోంది. పుస్తకంలో ఒక్క అబద్ధం రాయలేదు. తన లెక్కలో రుచి అనేది తిండి కిందికి రానే రాదు. గురువు చెప్పలేదు, తోటివాళ్లెవరూ అనలేదు. తోటి వంటవాడు పొద్దంతా కళ్లు తెరుచుకుని చూసి, ఏమీ తినలేదని ఒట్టేసి రాశాడు.

మర్నాడు ఆస్పత్రిలో లెక్కల పిల్ల ఆ గిన్నెలోకి వచ్చినవాటిని ఒక్కొక్కటే అడిగి రాసుకుని కూడింది. "పదకొండు వందలకి అటూ ఇటూ. మీ పదిహేను వందలకి ఇది కలిపితే, మీ ఒళ్లు ఉన్నచోటే ఉండటానికి సరిగ్గా సరిపోయింది." గెలిచినట్టు ముఖం పెట్టలేదు. "నేనూ తప్పు చేశాను. వంటవాళ్లని అడగాల్సిన మాట ఒకటుంటుంది. అది అడక్కుండా ఇంకేదో తింటున్నారన్నాను."

"నేను రాయాల్సింది రాయలేదు. ఒప్పుకుంటా. కానీ దొంగతిండి కాదు."

"కాదు."

"ఆ మాట కూడా రాయి పుస్తకంలో."

ఆ పిల్ల నిజంగానే రాసింది. మేస్త్రీ కళ్లజోడు పెట్టుకుని చదువుకుని, తల ఊపాడు.

"ఇప్పుడు తేలిక బాబాయిగారూ. రుచి చూడటం మానెయ్యండి. మీ రెండో వంటాయన చూస్తారు."

"వాడి నాలుకా?"

"ఒక్క రోజు చూడండి."

ఒక్క రోజు చూశాడు. మేస్త్రీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు, బావమరిది నాలుగు గుండిగల దగ్గరా దొరలా తిరిగి రుచి చూశాడు. వాడికి ఉప్పు ఇష్టం. ఒంటిగంటన్నరకి లేతు మిషను మీద పనిచేసే ఒకతను కంచంతో సహా వంటగది గుమ్మంలోకి వచ్చాడు. "మేస్త్రీ, ఇవాళ సముద్రం ఉడకబెట్టారా?" అతని వెనక ఇంకో పదిమంది. ఆ పూట మిగిలిన అన్నంతో మర్నాటి దాకా చేపల చెరువుని మేపొచ్చు.

సాయంత్రం ఆయన ఇంట్లో చెప్పేశాడు. "నా పని నాలుకతో చేసేది. దాన్ని ఆపమంటే పొయ్యి ఆపమన్నట్టే. పొయ్యి దగ్గర నిలబడటానికే కదా ఈ మోకాలి గోల? నాలుక ఆపను. కంచం ఆపుతా."

"అంటే?"

"పొద్దుటి రొట్టె, గుడ్డు, మధ్యాహ్నం డబ్బా, మూడూ వద్దు. రుచే నా భోజనం. రాత్రికి మాత్రం ఏదో తూచి పెట్టు."

ఇది విని లెక్కల పిల్ల నెత్తి కొట్టుకుంది. పొద్దంతా ఒట్టి నూనె నాకి బతుకుతారా అంది. గుడ్డు ఉండాలి, ఆకుకూర ఉండాలి, బలం లేకపోతే ఆపరేషన్ తర్వాత లేవలేరంది. మూడు వారాలు బేరం నడిచింది. ఆఖరికి ఆయన ఒక మెట్టు దిగాడు, ఆ పిల్ల ఒక మెట్టు దిగింది. వేపుడూ తీపీ సగం అరచెయ్యి. పొద్దున గుడ్డు ఉంటుంది. రాత్రి గిన్నెలో ఆకుకూర సగానికి సగం. చెంచాతో రుచి చూడమంటే మాత్రం ఒప్పుకోలేదు. "చెంచాకి వేడి తెలుస్తుందా? చిక్కదనం తెలుస్తుందా? చేతికే తెలుస్తుంది."

చెయ్యి చాచినప్పుడల్లా పొయ్యి పక్కన గోడ పలక మీద సుద్దతో ఒక గీత గీసేవాడు. మొదట్లో గీత మర్చిపోయేవాడు. తర్వాత చెయ్యి చాచే ముందే సుద్ద గుర్తుకొచ్చేది. గీత గియ్యాలంటే ఆగాలి, ఆగితే ఇది అవసరమా అని ఒక మాట లోపల మెదిలేది. అరవై రెండు గీతలు యాభై అయ్యాయి, నలభై నాలుగయ్యాయి. వంట రుచి మాత్రం మారలేదు, ఉప్పు తప్పలేదు. అంటే ఇన్నాళ్లూ పద్దెనిమిది సార్లు నాలుక పని చేయలేదు, తిన్నది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు.

"జైల్లో రోజులు గీసుకుంటున్నట్టుంది బావా" అనేవాడు బావమరిది.

"నీకు రేపట్నుంచి మాటకి ఒక గీత గీస్తా. సాయంత్రానికి గోడ చాలదు."

ముల్లు కదిలింది. వారానికి కిలో, ఒక్కోసారి కిలోకి మించి. కడుపు కాలేది. నూట ఒకటి దగ్గర ముల్లు రెండు వారాలు మొండికేసింది. ఆయన త్రాసు మీద నిలబడి, "దిగు. నేను దిగను, నువ్వే దిగు" అని దాన్ని తిట్టాడు. మూడో వారం అది దిగింది. పొట్టకి కట్టుకునే తెల్ల గుడ్డ ముడి వెనక్కి వెనక్కి జరిగింది.

క్యాంటీన్లో అందరూ అడగడం మొదలుపెట్టారు. "ఏం మందు మేస్త్రీ?"

"మందు కాదు. లెక్క."

"నేనూ లెక్కెట్టానండీ నెల రోజులు" అన్నాడు లేతు మిషను అతను. "రెండు కిలోలు పెరిగా. ఈ కేలరీల లెక్కలన్నీ ఒట్టి బూటకం."

"ఏం రాశావు?"

"తిన్నవన్నీ రాశా. ఆదివారాలు తప్ప."

"ఆదివారం నీ నోరు సెలవు తీసుకుంటుందా?"

అతను నవ్వేశాడు. మేస్త్రీ గరిటె తిప్పుతూనే అన్నాడు, "నేనూ నీలాగే బూటకమన్నాను. లెక్క నిన్నేం సన్నగా చెయ్యదు. దీపం లాంటిది. ఎక్కడ కాలు పెడుతున్నావో చూపిస్తుంది. నడవాల్సింది నువ్వే, కళ్లు మూసుకుంటే దీపమేం చేస్తుంది?" అంత పొడుగు మాట ఆయన నోట రావడం అరుదు. చెప్పేసి తనే సిగ్గుపడి, "కంచం పట్టు, వెనక జనం ఉన్నారు" అన్నాడు.

తేదీ వచ్చింది. ఆ పొద్దున మంచినీళ్లు కూడా తాగలేదు. భార్య వెంట వచ్చింది. లెక్కల పిల్ల గదిలో త్రాసు ఎక్కాడు. ముల్లు ఊగి ఊగి నిలబడింది.

తొంభై అయిదు మీద ఎనిమిదివందల గ్రాములు.

చెప్పులు విప్పాడు. బెల్టు తీశాడు. జేబులో తాళాలు భార్య చేతికిచ్చాడు. అవన్నీ తీసేసి ఎక్కినా తొంభై అయిదు మీద మూడువందలు. "చొక్కా కూడా విప్పుతారా ఏంటి?" అంది భార్య, ఏడుపూ నవ్వూ కాని గొంతుతో.

లెక్కల పిల్ల తలుపు వైపు ఒకసారి చూసింది. గొంతు తగ్గించింది. "బాబాయిగారూ, పెద్దాయన కాగితమే చూస్తారు, మళ్లీ తూచరు. తొంభై అయిదు అని రాసేస్తాను. మూడువందల గ్రాములంటే ఒక చెంబు నీళ్లు. ఈ తేదీ పోతే మళ్లీ అయిదు వారాల దాకా ఖాళీ లేదు."

"రాసెయ్యమ్మా, నీ కడుపు చల్లగుండ" అంది భార్య.

"వద్దు" అన్నాడు మేస్త్రీ.

ఇద్దరూ ఆయన వంక చూశారు.

"చెప్పులూ బెల్టూ లేకుండా మూడువందలు. అదే రాయి."

"ఏమండీ! మీకేమైనా మతి పోయిందా?"

"ఈ పుస్తకంలో దొంగతిండి కాదు అని రాయించుకున్నాను. గీత గీత లెక్కపెట్టి రాశాను. ఇప్పుడు ఆఖరి పేజీలో లేని అంకె రాస్తే, వెనకున్న పేజీలన్నీ ఎవడు నమ్ముతాడు? నేనే నమ్మను."

ఆ పిల్ల కాగితం దగ్గరికి లాక్కుంది. దాని మీద 95.3 అని రాసింది.

పైన పెద్ద డాక్టరు కాగితం చూశాడు. "తొంభై అయిదన్నాను."

"అన్నారు. మూడువందల గ్రాములు ఎక్కువున్నా. చేస్తారా, చెయ్యరా? అది చెప్పండి. బతిమాలడానికి రాలేదు."

డాక్టరు మోకాలు నొక్కి చూశాడు. మంచి పని చేశారన్నాడు. కానీ ఒకరికి సడలిస్తే ఇంకొకరికి కాదనలేనన్నాడు. అయిదు వారాల తర్వాత ఇంకో తేదీ చెప్పాడు.

"సరే. వస్తా. ఆ కాగితం మీద తొంభై అయిదు అని రాసి సంతకం పెట్టండి."

"ఎందుకు?"

"ఆ రోజు నేను తొంభై నాలుగుంటాను. మీరు తొంభై అంటే?"

డాక్టరు కళ్లజోడు మీంచి చూశాడు. "నా మాట మీద నమ్మకం లేదా?"

"ఉందండీ. రాత మీద ఇంకాస్త ఎక్కువుంది."

డాక్టరు పెదవి ఒక పక్కకి కదిలింది. నవ్వో కాదో తెలియలేదు. సంతకం పెట్టాడు.

బస్సు ఎక్కాక భార్య బయటపడింది. "అయిదు వారాలు! చెంబుడు నీళ్ల కోసం అయిదు వారాలు ఈ కాలు మీద నిలబడతారా? ఆ పిల్లే రాస్తానన్నది కదా, పొమ్మంటే పోయేదా? సాయంత్రం వేన్నీళ్ల గుడ్డతో మోకాలు ఒత్తేది ఎవరు? మీరా, నేనా?"

"నువ్వే."

"సిగ్గు లేకుండా నువ్వే అంటారా!"

బస్సు నిండుగా ఉంది. ముందు సీటులో కూర్చున్న కుర్రవాడు ఆయన కుంటడం చూసి గబుక్కున లేచాడు. "కూర్చోండి పెద్దాయనా."

మేస్త్రీ పైన కడ్డీ పట్టుకున్నాడు. మోకాలు చురుక్కుమంది. భార్య భుజం మీద చెయ్యి వేసి ఆవిణ్ణి ఆ సీటులో కూర్చోబెట్టాడు.

"నాకు అలవాటే నాయనా" అన్నాడు. "పొద్దుటి నుంచి ఈవిడే నిలబడింది."

ఆవిడ కిటికీ వైపు ముఖం తిప్పుకుంది. కాసేపటికి, అటే చూస్తూ, ఆయన చేతిలోంచి సంచీ లాగి తన ఒళ్లో పెట్టుకుంది. బస్సు మలుపు తిరిగింది. ఆయన రెండు కాళ్లూ కాస్త ఎడంగా పెట్టి, బరువంతా సమంగా మోపి, నిలబడ్డాడు.